స్ప్రింగ్ ట్రైనింగ్ ఫలితం మైదానంలోనే తేలాలి: మేజర్ లీగ్ బేస్‌బాల్ పెద్దలకు బహిరంగ లేఖ

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ గారికి, 30 జట్ల యజమానులకు, క్రీడాకారుల సంఘం నాయకత్వానికి,

నమస్కారం.

నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్న తెలుగువాణ్ణి, అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆడే టెక్సాస్ రేంజర్స్ జట్టు అభిమానిని. రేంజర్స్‌కు కిందిస్థాయి జట్టయిన మా ఊరి రఫ్‌రైడర్స్ ఆటలకు వేసవంతా ఇంటిల్లిపాదీ వెళ్తాం. వీలు చిక్కిన మార్చిలో అరిజోనాలోని సర్‌ప్రైజ్ ఊరికి వెళ్లి, సీజన్‌కు ముందు జట్లు సాధన చేస్తూ సన్నాహక మ్యాచ్‌లు ఆడే స్ప్రింగ్ ట్రైనింగ్ చూసొస్తాం. బంతి వేయడానికి గడువు విధించే పిచ్ క్లాక్ పెట్టి ఆటలో సాగదీత తగ్గించారు, పిల్లలు నిద్రపోయేలోపు ఇల్లు చేరుతున్నాం. అందుకు మా ఇంట్లో అందరి తరఫునా కృతజ్ఞతలు.

ఇక అసలు సంగతి. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో అందరికంటే బాగా ఆడిన కుర్రాణ్ణి ఎందుకు కిందికి, అంటే మైనర్ లీగ్ జట్టుకు, పంపారో చెప్పమని ఒక క్లబ్‌కు ఉత్తరం రాశాను. జవాబుగా సీజన్ టికెట్ల ప్యాకేజీ వివరాలు వచ్చాయి. మళ్లీ రాస్తే అసలు ఉలుకూ పలుకూ లేదు. ఆ క్లబ్ పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే తప్పు ఒక్క క్లబ్‌ది కాదు, మీ అందరూ కలిసి సంతకాలు చేసిన ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1తో తీరిపోతోంది. కొత్తది రాసుకునే ముందే ఈ మాటలు మీ చెవిన పడాలని బహిరంగంగా రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మీ కార్యాలయాలకు విడిగా పంపాను. ఈ తెలుగు ప్రతి మాత్రం పిల్లలు లిటిల్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడుతుంటే పక్కన మడత కుర్చీలు వేసుకుని ఈ ఆట నేర్చుకున్న మా తల్లిదండ్రుల కోసం. డల్లాస్ చుట్టుపక్కల, ఆస్టిన్‌లో, బే ఏరియాలో, న్యూజెర్సీలో టికెట్లు కొంటున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆ టికెట్ వెనక నడిచే లెక్క వాళ్లకూ తెలియాలి.

ఏటా ఫిబ్రవరి మధ్యలో ముందు బంతి వేసే పిచర్లు, దాన్ని అందుకునే క్యాచర్లు, తర్వాత మిగతావాళ్లు క్యాంపులకు చేరతారు. 15 జట్లు అరిజోనాలో, 15 ఫ్లోరిడాలో. పేరున్న ఆటగాళ్లతో పాటు వీపు మీద 70లు, 80లు, 90ల అంకెలు వేసుకున్న ఆహ్వానితులు కూడా వస్తారు. మార్చి ఆఖరుకు ఒక్కో జట్టులో 26 మంది మిగలాలి. ఎవరు బాగా ఆడితే వాళ్లకు చోటు దక్కుతుందని నమ్మే మేం విమానం ఎక్కి వస్తున్నాం. ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతింటోందో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. ముందుగా 172 రోజుల లెక్క. సీజన్ సుమారు 187 రోజులు సాగుతుంది. అందులో 172 రోజులు మేజర్ లీగ్ జట్టులో ఉంటే ఆటగాడికి ఒక ఏడాది సర్వీస్ పూర్తయినట్టు. అలాంటి ఏళ్లు ఆరు నిండితేనే తనకు నచ్చిన జట్టుతో బేరం చేసుకునే స్వేచ్ఛ వస్తుంది. అంటే కొత్త కుర్రాణ్ణి సీజన్ మొదట్లో రెండు మూడు వారాలు కింద కూర్చోబెడితే చాలు, ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఏడో ఏడాది కూడా అతను ఆ క్లబ్ చేతిలోనే ఉంటాడు.

2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్ విషయంలో జరిగింది ఇదే. ఆ మార్చిలో ఆయన 0.425 సగటుతో, 9 హోమ్ రన్లతో క్యాంపును ఊపేశాడు. అయినా ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలని చెప్పి అయోవాలోని ట్రిపుల్-ఎ జట్టుకు, అంటే మైనర్ లీగ్‌లో పై మెట్టుకు, పంపారు. ఏప్రిల్ 17న పైకి పిలిచారు. సీజన్ ముగిసేసరికి ఆయన ఖాతాలో చేరినవి 171 రోజులు. ఒక్క రోజు తక్కువ. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడిగా రూకీ ఆఫ్ ద ఇయర్ ఆయనే, మరుసటి ఏడాది అత్యంత విలువైన ఆటగాడిగా ఎంవీపీ ఆయనే, కబ్స్ 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచిందీ ఆ ఏడాదే. ఆయన తరఫున క్రీడాకారుల సంఘం వేసిన ఫిర్యాదు 2020 ఆరంభంలో తేలింది, అదీ ఆయనకు వ్యతిరేకంగా. నాలుగేళ్లకు పైగా నడిచిన ఆ విచారణలో క్లబ్ నిబంధన దాటలేదని తేలింది. నా ఆవేదన కూడా అక్కడే ఉంది. నిబంధన దాటకుండానే ఇంత పని చేయగలిగారంటే, మార్చాల్సింది ఆ నిబంధననే.

బ్రయంట్ తర్వాత కోట్ల డాలర్ల కాంట్రాక్టు అందుకున్నాడు కాబట్టి ఆయన కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదని మీలో కొందరు అంటారు. నిజమే. అంత పేరున్నవాడికే దిక్కు లేకపోతే పేరు లేనివాడి మాటేమిటన్నది నా ప్రశ్న. దానికి కాస్త ముందుకెళ్లాక వస్తాను.

2. చెప్పే కారణం ఒకటి, అసలు కారణం మరొకటి. 2021 ఫిబ్రవరిలో సియాటిల్ మెరైనర్స్ అధ్యక్షుడు కెవిన్ మాథర్ ఒక రోటరీ క్లబ్ సమావేశంలో మాట్లాడిన వీడియో బయటికొచ్చింది. యువ ఆటగాళ్లను సర్వీస్ లెక్క కోసమే కింద ఉంచుతున్నామని ఆయన దాదాపు విప్పి చెప్పేశారు. దీర్ఘకాలిక ఒప్పందానికి ఒప్పుకోని జారెడ్ కెలెనిక్ ప్రస్తావనా తెచ్చారు. హూలియో రోడ్రిగెస్ ఇంగ్లిష్ గురించి కూడా చులకనగా మాట్లాడారు. ఆయన రాజీనామా చేశారు. అయినా కెలెనిక్, లోగన్ గిల్బర్ట్ ఇద్దరూ మే 13న గానీ పైకి రాలేదు. ఆ ఏడాది మెరైనర్స్ 90 మ్యాచ్‌లు గెలిచి, రెండు గెలుపుల తేడాతో ప్లేఆఫ్స్ కోల్పోయింది. 2001 తర్వాత అప్పటిదాకా ప్లేఆఫ్స్ ముఖం చూడని ఊరు అది. ఆ రెండు గెలుపులు ఈ కుర్రాళ్లే తెచ్చిపెట్టేవాళ్లని నేను అనను. కెలెనిక్ ఆ సీజన్‌లో బ్యాటుతో ఇబ్బంది పడ్డాడు కూడా. కానీ ఏప్రిల్‌లో టికెట్ కొన్న సియాటిల్ మనిషికి ఆ రోజు దొరకగల మేలైన 26 మందిని చూపించే ప్రయత్నం జరిగిందా? జరగలేదని క్లబ్ అధ్యక్షుడి మాటలే చెబుతున్నాయి.

మా తెలుగువాళ్లకు ఎంపికల బాధ కొత్త కాదు. 2019 క్రికెట్ ప్రపంచ కప్ జట్టులో అంబటి రాయుడికి చోటు దక్కనప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఎంత చర్చ జరిగిందో నాకు గుర్తుంది. అప్పటి సెలక్షన్ కమిటీ చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్ విలేకరుల ముందు కూర్చుని, విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడు కాబట్టి తీసుకున్నామని చెప్పారు. ఆ కారణం చాలామందికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. కానీ చెప్పిన కారణం ఆటకు సంబంధించింది, దాన్ని పట్టుకుని వాదించుకునే వీలు మాకు దొరికింది. మీ దగ్గర ఆ వీలు కూడా లేదు. ఫీల్డింగ్ మెరుగుపడాలని అంటారు, మూడు వారాల్లో ఏం మెరుగుపడిందో ఎవరికీ చెప్పరు.

3. 2022లో మీరు చేసిన మార్పులు కొంత పని చేశాయి. అది ఒప్పుకోవాలి. యజమానులు ఆటగాళ్లకు తలుపులు మూసేసిన 99 రోజుల లాకౌట్ తర్వాత కుదిరిన ఒప్పందంలో, రూకీ ఆఫ్ ద ఇయర్ ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లకు పూర్తి ఏడాది సర్వీస్ ఇస్తామన్నారు. మేటి కుర్రాళ్లను మొదటి రోజు నుంచే ఆడించిన క్లబ్‌కు, వాళ్లు అవార్డుల్లో నిలబడితే, జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక అదనపు ఎంపిక బహుమతిగా ఇస్తామన్నారు. అదే ఏడాది రోడ్రిగెస్‌ను మెరైనర్స్ మొదటి మ్యాచ్ నుంచే ఆడించింది. మా రేంజర్స్ సంగతి ఇంకా దగ్గరిది. 2023 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికైన వయట్ లాంగ్‌ఫర్డ్ అదే ఏడాది మా ఫ్రిస్కోలోనూ ఆడాడు. 2024 మార్చిలో సర్‌ప్రైజ్‌లో బంతిని చితక్కొట్టాడు. సీజన్ మొదలయ్యే ఓపెనింగ్ డే నాటికి రేంజర్స్ జట్టులో ఉన్నాడు. నిన్నగాక మొన్న మా ఊళ్లో చూసిన కుర్రాడు రేంజర్స్ సొంత మైదానమున్న ఆర్లింగ్టన్‌లో ఆడుతుంటే మా పిల్లలకు కలిగిన సంతోషం ఏ ప్రకటనలతోనూ కొనలేరు.

అయితే ఈ బహుమతి అందరికీ వర్తించదు. సీజన్‌కు ముందు వెలువడే మేటి కొత్తవాళ్ల టాప్ 100 జాబితాల్లో పేరున్నవాళ్లకే ఆ లెక్క. జాబితాలో లేని కుర్రాణ్ణి కింద ఉంచితే క్లబ్‌కు పోయేదేమీ లేదు. పైగా కొత్త చిక్కొకటి పుట్టింది. మేజర్ లీగ్‌లో 45 రోజులు దాటితే రూకీ, అంటే కొత్త ఆటగాడన్న హోదా పోతుంది కాబట్టి, జూలైలోనే సిద్ధంగా ఉన్నవాణ్ణి కూడా ఆగస్టు మధ్య దాకా ఆపి, మరుసటి ఏడాది బహుమతి కోసం దాచుకునే వీలు క్లబ్‌లకు చిక్కింది. ఒక కిటికీ మూసి ఇంకో కిటికీ తెరిచారు.

4. పేరు లేనివాడి సంగతి ఇప్పుడు. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

మేజర్ లీగ్‌లో 2026 కనీస జీతం 7,80,000 డాలర్లు. రోజుకు లెక్కేస్తే నాలుగు వేల డాలర్ల పైమాటే. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్లకు కుదిరిన మొట్టమొదటి ఒప్పందంలో ట్రిపుల్-ఎ కనీస జీతం ఏడాది మొత్తానికి 35,800 డాలర్లు, మా ఫ్రిస్కో కుర్రాళ్లు ఆడే డబుల్-ఎలో 30,250. అంటే మేజర్ లీగ్‌లో పది రోజులు గడిపితే, ట్రిపుల్-ఎ కనీస జీతం మీద ఏడాదంతా ఆడినదానికంటే ఎక్కువ వస్తుంది. మార్చి ఆఖరి వారంలో కోచ్ గదిలోకి పిలిచి తలుపు వేసే ఆ కొద్ది నిమిషాల్లో తేలేది ఇంత డబ్బు.

ఇది డబ్బుతోనే అయిపోదు. మేజర్ లీగ్ జట్టులో ఒక్క రోజున్నా ఆరోగ్య బీమా అర్హత వస్తుంది. 43 రోజులుంటే పింఛను హక్కు వస్తుంది. ముప్పై దాటిన రిలీఫ్ పిచర్‌ను, అంటే ఆట మధ్యలో బంతి వేయడానికి దిగేవాణ్ణి, ఊహించుకోండి. పదేళ్లుగా బస్సుల్లో తిరుగుతున్నాడు, మోచేతికి ఆపరేషన్ అయింది, ఇద్దరు పిల్లలు. ఖాతాలో 30 రోజులో, 35 రోజులో ఉన్నాయి. ఈ మార్చిలో అందరికంటే బాగా వేశాడు. కానీ అతన్ని తీసుకోవాలంటే, మేజర్ లీగ్‌లో ఆడించదగినవాళ్లుగా క్లబ్ పెట్టుకునే 40 మంది జాబితాలో ఒకరిని తప్పించాలి. ఇంకొకడికి ఆప్షన్లు, అంటే చేజారిపోకుండా కిందికి పంపగల అవకాశాలు, అయిపోయాయి, కిందికి పంపితే వేరే జట్టు లాక్కుపోతుంది. కాబట్టి బాగా వేసినవాడు కిందికి, వేయనివాడు పైకి. క్లబ్ కోణం నాకు అర్థమవుతుంది, ఆస్తి కాపాడుకోవాలి. కానీ ఆ ఎనిమిది, పదమూడు రోజులు దొరక్కుండానే అతని కెరీర్ ముగిస్తే, ముసలితనంలో అందాల్సిన పింఛను పోతుంది. ఆ కుటుంబం ఎవరి దగ్గరకు వెళ్లి అడగాలి?

క్రీడాకారుల సంఘం పెద్దలారా, ఈ మాట మీతో కూడా. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్లను సంఘంలో చేర్చుకున్నారు, చాలా మంచి పని. అంతకుముందు వాళ్ల బతుకు ఎలా ఉండేదో లోకానికి తెలిసింది కోర్టు వల్లే. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో జీతం లేకుండా పని చేయించుకున్నారని 2014లో మొదలైన దావా, 2022లో 18.5 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది. 2021లో అనుబంధ మైనర్ లీగ్ జట్లు 160 నుంచి 120కి తగ్గాయి, డ్రాఫ్ట్ 20 రౌండ్లకు కుదించుకుపోయింది. క్యాంపులో చోటు పోగొట్టుకున్నవాడికి ఇంకెక్కడో తల దాచుకునే దారులు అంతకంతకూ తగ్గుతున్నాయి. బేరసారాల బల్ల దగ్గర కోట్ల కాంట్రాక్టుల పక్కన ఈ 43 రోజుల సంగతి కూడా పెట్టండి.

5. ఆఖరి నిమిషంలో చెప్పడం. ఆరేళ్ల సర్వీస్ నిండి, మైనర్ లీగ్ కాంట్రాక్టు మీద క్యాంపుకొచ్చే కొందరు సీనియర్లకు ఒక రక్షణ ఉంది. ఓపెనింగ్ డేకు అయిదు రోజుల ముందు జట్టులో చేర్చుకోవాలి, లేదా 1,00,000 డాలర్ల బోనస్ ఇచ్చి ఉంచుకోవాలి, లేదా వదిలేయాలి. మంచి ఏర్పాటు. అదే హోదాలో వచ్చే మిగతా ఆహ్వానితులకు ఆ రక్షణ లేదు. ఏ ఊళ్లో ఇల్లు చూసుకోవాలో, పిల్లల్ని ఏ బడిలో వేయాలో వాళ్లకు ఆఖరి రోజు దాకా తెలియదు. ఆలోగా మిగతా జట్ల 26 మంది కూడా ఖరారైపోతారు.

6. అభిమానుల జేబు. సర్‌ప్రైజ్ స్టేడియం ఆ ఊరి నగరపాలక సంస్థది. ఫీనిక్స్ చుట్టూ ఉన్న స్ప్రింగ్ ట్రైనింగ్ మైదానాలకు అరిజోనా స్పోర్ట్స్ అండ్ టూరిజం అథారిటీ ఇచ్చే సొమ్ములో పెద్ద భాగం హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద వేసిన పన్నుల నుంచి వస్తుంది. మాలా బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆ మైదానాల ఖర్చులో పాలు పంచుకున్నారు. మరి మాకు చూపించేదేమిటి? బయటి మైదానానికి వెళ్లే జట్టులో కనీసం నలుగురు ప్రధాన ఆటగాళ్లు ఉండాలని మీ నిబంధనే ఉంది. దాన్ని ఎంత వదులుగా పాటిస్తున్నారో క్యాంపులకు వచ్చేవాళ్లందరికీ తెలుసు. కొత్తవాళ్ల ఆట చూడటం నాకు ఇష్టమే. వెనక మైదానాల్లో మైనర్ లీగ్ కుర్రాళ్లను చూస్తూ కంచె పక్కన నిలబడటం మార్చి నెలలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. కానీ పూర్తి ధర తీసుకున్నప్పుడు ఎవరు ఆడబోతున్నారో ముందు రోజైనా చెప్పాలి కదా.

ఇవీ మా డిమాండ్లు.

1. ఆటగాడి తొలి ఏడాదిలో సీజన్‌లో సగం రోజులు మేజర్ లీగ్‌లో గడిపితే పూర్తి ఏడాదిగా లెక్కించాలి. రెండు మూడు వారాలు ఆపడం క్లబ్‌కు చవక, అందుకే ఆపుతోంది. మూడు నెలలు ఆపాల్సి వస్తే మ్యాచ్‌లు పోతాయి, అంత నష్టానికి ఏ క్లబ్బూ సిద్ధపడదు. టాప్ 100 జాబితాతో, అవార్డులతో దీనికి సంబంధం ఉండకూడదు.

2. 40 మంది జాబితాలో ఉన్నవాణ్ణి క్యాంపు నుంచి కిందికి పంపితే, ఏం మెరుగుపరుచుకోవాలో, దాన్ని ఎలా కొలుస్తారో రాతపూర్వకంగా అతనికీ సంఘానికీ ఇవ్వాలి. ఫిర్యాదు చేస్తే అదే సీజన్‌లో తేల్చాలి, నాలుగేళ్ల తర్వాత కాదు.

3. పింఛను 43 రోజుల దగ్గర ఒక్కసారిగా మొదలు కాకూడదు. ఆడిన ప్రతి రోజుకూ దామాషా ప్రకారం హక్కు రావాలి.

4. అయిదు రోజుల ముందు చెప్పే నిబంధన ఆహ్వానితులందరికీ వర్తించాలి. కిందికి వెళ్లేవాళ్లకు కుటుంబంతో సహా మొదటి నెల వసతి, ప్రయాణ ఖర్చులు క్లబ్ భరించాలి.

5. స్ప్రింగ్ ట్రైనింగ్ మ్యాచ్‌లకు వచ్చే ఆటగాళ్ల జాబితా ముందు రోజు సాయంత్రానికి ప్రకటించాలి. నలుగురి నిబంధన పాటించని క్లబ్ టికెట్ ధరలో కొంత వెనక్కి ఇవ్వాలి.

6. వచ్చే వసంతంలో లాకౌట్ వస్తే క్యాంపుల మీద బతికే చిరుద్యోగుల సంగతి ముందే తేల్చాలి. 2022లో లాకౌట్ వల్ల స్ప్రింగ్ ట్రైనింగ్ కుదించుకుపోయింది, సీజన్ ఏప్రిల్ 7న మొదలైంది. 1995లో సమ్మె తెగక, క్యాంపుల్లో ప్రత్యామ్నాయ ఆటగాళ్లను ఆడించారు. కోర్టు జోక్యం చేసుకున్నాక గానీ అసలైన ఆటగాళ్లు మైదానానికి రాలేదు. అరిజోనా, ఫ్లోరిడాల్లో టికెట్లు చింపేవాళ్లకు, గేట్ల దగ్గర నిలబడేవాళ్లకు, హాట్‌డాగ్‌లు అమ్మేవాళ్లకు ఆ నెలన్నర ఆదాయం మళ్లీ ఏడాది దాకా రాదు. వాళ్ల కోసం రెండు పక్షాలూ కలిసి ఒక నిధి ఏర్పాటు చేయాలి.

జీతాల మీద గరిష్ఠ పరిమితి పెట్టాలా వద్దా అన్న పోరులో ఇవన్నీ పక్కకు పోతాయని నా భయం. అది మీరూ మీరూ తేల్చుకోవాల్సిన విషయం. కానీ పైన రాసిన ఆరింటిలో ఏ ఒక్కటీ దానికి అడ్డు కాదు, దానికోసం ఆగాల్సిన పనీ లేదు. చర్చలకు కూర్చునే ముందే వీటిలో దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో, ఎందుకో రెండు పక్షాలూ బహిరంగంగా ప్రకటించాలని కోరుతున్నాను. టికెట్ల ప్యాకేజీ వివరాలు మాత్రం వద్దు, ఈ ప్రశ్నలకు సమాధానం కావాలి.

ఇట్లు,
ఒక తెలుగు బేస్‌బాల్ అభిమాని
ఫ్రిస్కో, టెక్సాస్